దీపం పెట్టని బంగ్లా

నాగర్‌కర్నూల్ నుంచి తెలకపల్లి వైపు పోయే బండ్లబాట మీద, ఏ ఊరూ కనిపించని చోట, సర్కారువాళ్ళు ఒక ముసాఫిరు బంగ్లా కట్టారు. తనిఖీలకు తిరిగే అధికార్లు ఒక పూటో రెండు పూటలో దిగడానికి. ఎత్తైన కప్పు, రెండు గదులు, ముందు వరండా, వెనక గోడకు ఆనుకొని చౌకీదారు ఉండే చిన్న గది. చుట్టూ ఎర్ర చెలక, తంగేడు పొదలు, కొంచెం ఎడంగా ఒక రాతిగుట్ట. బావి ఉంది. పలకరించే మనిషి లేడు.

మాసయ్య ఆ బంగ్లాకు చౌకీదారు.

ఆ కొలువు అతనికి సాలెపురుగు వల్ల వచ్చింది. అంతకుముందున్న చౌకీదారు ముసలివాడు, చూపు ఆనేది కాదు. ఒకసారి ఒక అధికారి భార్యతో వచ్చి భోజనానికి కూర్చుంటే, కప్పు మీదినుంచి పొడుగుకాళ్ళ సాలెపురుగు ఒకటి దారం వదులుకుంటూ దిగి ఆమె మెడ మీద వాలింది. ఆమె కేక పెట్టి కంచం తన్నుకుంటూ లేచిందట. ముసలివాణ్ణి ఆ పూటే పంపించేశారు. మర్నాడు ఓవర్సీరు దగ్గరి పల్లెలో మనిషి కోసం వాకబు చేస్తే, మిషను బడిలో నాలుగక్షరాలు నేర్చిన మాసయ్య దొరికాడు.

ఓవర్సీరు పొడుగాటి మనిషి, ఎండకు కమిలిన ముఖం. ఉర్దూలో ఆలోచించి తెలుగులో మాట్లాడేవాడు. మాసయ్యను వరండాలో నిలబెట్టి చేతికర్రతో కప్పు చూపించాడు.

"గిది చూసినవా? జాలా. సాలెగూడు. పాముంటే ఉండనీ, నాకు ఫికర్ లేదు. జాలా కనపడ్డదా, నీ బిళ్ళ గుంజుకుంట."

"కనపడదు దొరా," అన్నాడు మాసయ్య.

బిళ్ళ అంటే తోలుపట్టీకి కుట్టిన ఇత్తడి బిళ్ళ. సర్కారు మనిషి అని గుర్తు. అది భుజాన ఉన్నవాణ్ణి ఊరి దొర వెట్టికి పిలవడానికి లేదు. మాసయ్య తండ్రి దొర కొట్టంలో పెండ తీసి తీసి, నిటారుగా నిలబడడం ఎలాగో మరిచిపోయి చనిపోయాడు. బిళ్ళ వేసుకున్న మొదటిరోజు మాసయ్య దొర గడి ముందు నుంచి నడిచాడు. ఎవరూ పిలవలేదు. వెనక్కి తిరిగి మళ్ళీ ఒకసారి నడిచాడు. అప్పుడూ ఎవరూ పిలవలేదు. ఆ తర్వాత నేరుగా బంగ్లాకు వచ్చి వెదురుబొంగుకు ఈతచీపురు కట్టాడు.

మొదటి ఏడాదంతా అతనికి అదే చదువు. గూడు దులిపితే సరిపోదని తొందరగానే తెలిసింది. సాయంత్రం దులిపిన మూలలో తెల్లవారేసరికి కొత్త గూడు ఉండేది. పురుగును చంపినా చాలదు. గోడకు అంటుకొని పలచని కాగితంలా తెల్లటి పొర ఒకటి ఉంటుంది. చేతికి దెబ్బ తగిలితే పిల్లలు నెత్తురు ఆగడానికి అంటించుకుంటారు, అదే. దాని కింద గుడ్లుంటాయి. దాన్ని వదిలేస్తే పని సగమే అయినట్టు. మాసయ్య కత్తిమొనతో ఆ పొరలు గీకి పొయ్యిలో వేసేవాడు. గోడల పగుళ్ళలో సున్నం కూరాడు. గోడ పక్కన పేర్చిన కట్టెలమోపును దూరంగా జరిపాడు. కిటికీలకు తగిలే తంగేడు కొమ్మలు నరికాడు. శనివారం శనివారం వేపాకు, వావిలాకు పొగ వేసేవాడు. పొగకు పురుగులు పోయేవి. పొగ పోగానే వచ్చేవి.

ఒక పొద్దున నిచ్చెన మీద ఉండగా అతనికి ఒక సంగతి తోచింది. గూళ్ళన్నీ వరండాలో కందిలి వేలాడే కొక్కెం చుట్టే ఉన్నాయి. దీపం సోకని ఉత్తరపు గోడ మీద ఒక్కటి కూడా లేదు. దీపానికి పురుగులొస్తాయి. పురుగులకు సాలెపురుగొస్తుంది. దీపమే దానికి అన్నం.

ఆ రోజు నుంచి మాసయ్య దీపం పెట్టలేదు.

పొద్దుండగానే వండుకోవడం, పొద్దుండగానే తినడం. చీకటి పడ్డాక గడప మీద కూర్చోవడం, నిద్ర వస్తే పడుకోవడం. గూళ్ళు నిజంగానే తగ్గాయి. ఓవర్సీరు వచ్చి తల ఎత్తి, అన్ని మూలలూ తిరిగి, "షాబాష్" అన్నాడు. అంతవరకు ఎవరూ మాసయ్యను ఆ మాట అనలేదు.

అప్పటికి అతనికి కొత్తగా పెళ్ళయింది. ఈరమ్మది కృష్ణ అవతల, గద్వాల దాటి వడ్డేపల్లి. కన్నడం దగ్గరి ఊరు కాబట్టి వద్దు అనడానికి "బ్యాడ" అనేది. మాసయ్య నవ్వేవాడు. ఆమె కూడా నవ్వేది. వచ్చిన కొత్తలో చీకటి కూడా ఆమెకు నవ్వులాటగానే ఉండేది.

"మా దిక్కు పీనుగున్న ఇంట్ల గూడ దీపం పెడ్తరు," అంది ఒక సాయంత్రం.

"మనింట్ల పీనుగు లేదు గద," అన్నాడు మాసయ్య.

"నువ్వున్నవు. ఉలుకు లేదు పలుకు లేదు."

పొద్దుగూకాక బాట మీద పోయే బండ్లవాళ్ళు కూడా పరాచికాలాడేవారు. బంగ్లా దగ్గరికి రాగానే గొంతెత్తి అరిచేవారు.

"ఓ మాసయ్యా! ఉన్నవా, సచ్చినవా?"

"ఉన్న!" అనేవాడు లోపలినుంచి.

"అయితే జర దగ్గు! దయ్యమేమో అని ఎద్దులు బెదురుతున్నయి!"

అతను దగ్గేవాడు. వాళ్ళు నవ్వుకుంటూ వెళ్ళేవారు. ఈరమ్మ చీకట్లో కడుపు పట్టుకొని నవ్వేది. ఆ నవ్వును బట్టి ఆమె ఎక్కడ కూర్చుందో అతనికి తెలిసేది.

రెండో వానకాలం దాటాక ఈరమ్మకు ఆడపిల్ల పుట్టింది. పురుడు పోయడానికి పల్లె నుంచి వచ్చిన మంత్రసాని కొన్నాళ్ళు వాళ్ళ గదిలోనే ఉంది. వచ్చీరాగానే ఆముదం దీపం వెలిగించింది. "పురుడు ఎల్లేదాంక ఇది ఆరొద్దు. మీరు యేసయ్యను నమ్మిన్రో ఎవ్వర్ని నమ్మిన్రో నాకు తెల్వదు. బాలింత ఇంట్ల దీపం ఆరొద్దు," అని పోయేటప్పుడు కూడా చెప్పింది.

ఆ దీపం వెలుతురు కిటికీలోంచి బంగ్లా వెనక గోడ మీద పడేది. గోడ నిండా రెక్కల పురుగులు. వాటి వెనక సాలెపురుగులు. మాసయ్య పొద్దున్నే దులిపేవాడు. తెల్లవారితే మళ్ళీ అంతే. గూళ్ళు గోడ దాటి వరండా దూలాలకెక్కాయి. అప్పుడే, మర్నాడు ఓవర్సీరు తనిఖీకి వస్తున్నాడని బంట్రోతు వచ్చి చెప్పిపోయాడు.

మాసయ్య పగలంతా దులిపాడు. పొద్దుగూకే వేళకు గదిలోకి వచ్చి దీపం దగ్గర కూర్చున్నాడు.

"ఒక్క పొద్దే," అన్నాడు.

ఈరమ్మ పిల్ల వైపు ఒత్తిగిలింది. ఆమెకు ఓపిక లేదు. పిల్ల రొమ్ము పట్టుకొని నిద్రపోయింది. అతను దీపం ఆర్పాడు.

తెల్లవారకముందే ఆ పిల్ల పోయింది. పిల్ల నోరు రొమ్మును వదిలేసిందని ఈరమ్మకు చీకట్లో తెలిసింది, అంతే. అగ్గిపెట్టె చెమ్మగిల్లి ఉంది. మాసయ్య పుల్ల తర్వాత పుల్ల గీసి దీపం వెలిగించేసరికి పిల్ల చల్లబడింది. దీపం ఉన్నా పోయేదేనని పల్లెవాళ్ళన్నారు. పుట్టుకతోనే బలం లేని పిల్ల. ఈరమ్మ కూడా అదే మాట అంది. ఇంకొక మాట మాత్రం ఒకేసారి అంది, మళ్ళీ ఎప్పుడూ అనలేదు.

"పొయ్యేటప్పుడు దాని మొకం చూడలే నేను."

పగలెక్కాక ఓవర్సీరు వచ్చి కప్పు చూసుకొని, బాగుందని చెప్పి వెళ్ళాడు. మాసయ్య అతనికి ఏమీ చెప్పలేదు. అతను వెళ్ళాక గుట్ట పక్కన పిల్లను పూడ్చిపెట్టాడు.

ఈరమ్మ కొట్లాడి వెళ్ళలేదు. తమ్ముని పెళ్ళికని వడ్డేపల్లి పోయింది, అక్కడే ఉండిపోయింది. మాసయ్య ఒకసారి కృష్ణ దాటి పిలవడానికి వెళ్ళాడు. ఆమె అన్నం పెట్టింది. తిన్నాక అడిగింది.

"దీపం పెడ్తున్నవా?"

"నౌకరి పోతది ఈరమ్మా."

ఆమె కంచం తీసుకొని లోపలికి వెళ్ళింది. మళ్ళీ బయటికి రాలేదు. మాసయ్య కొంతసేపు ఆ వాకిట్లో కూర్చొని లేచి వచ్చేశాడు.

ఆ తర్వాతి ఏళ్ళు చెప్పడానికి పెద్దగా ఏమీ లేవు. బంగ్లా శుభ్రంగా ఉండేది. ఎవరూ రాకపోయినా అతను శనివారం పొగ వేసేవాడు. కప్పు కింద వెల్లకిలా పడుకొని దూలాలు ఒక్కొక్కటే చూసేవాడు. ఎక్కడో దూరదేశంలో యుద్ధం మొదలైందన్నారు. గాసునూనె దొరకడం కష్టమైంది. దగ్గరి పల్లెల్లో కూడా పొద్దుగూకితే చీకటే. ఊళ్ళన్నీ తన బంగ్లా లాగే అయ్యాయని మాసయ్య అనుకున్నాడు. అందులో అతనికి సంతోషం కలగలేదు.

ప్రభుదాసు పంతులొక్కడే అప్పుడప్పుడు ఆగేవాడు. ఆయన మిషను బోధకుడు. నాగర్‌కర్నూల్, వనపర్తి, గద్వాల సంఘాల మధ్య కాలినడకన తిరిగేవాడు. బావి దగ్గర కాళ్ళు కడుక్కొని వరండా మెట్టు మీద కూర్చునేవాడు.

"ఈరమ్మ అడిగింది మాసయ్యా."

"ఏమని?"

"ఏమని అడుగుతది? దీపం పెట్టిండా అని."

"పెట్టలేదని చెప్పుండ్రి పంతులయ్యా."

"ఒక్క అబద్ధం గూడ ఆడనీయవు గద నన్ను," అని ఆయన నవ్వి లేచేవాడు. వెళ్తూ వెళ్తూ ప్రార్థన చేసేవాడు. మాసయ్య కళ్ళు మూసుకునేవాడు కాని చెవి బాట మీదే ఉండేది. అక్కడికి వచ్చేది ఆయన ఒక్కడే, ఆయన కూడా వెళ్ళిపోయేవాడు.

ఒక చలికాలం మాసయ్యకు జ్వరం వచ్చింది. మంచం మీదినుంచి లేవలేకపోయాడు. కుండలో నీళ్ళు అయిపోయాయి. పొద్దుగూకాక బండ్లు వచ్చాయి. ఎప్పటిలాగే కేక వేశారు.

"ఓ మాసయ్యా! ఉన్నవా, సచ్చినవా?"

నోరు తెరిచాడు. గొంతు రాలేదు. బయట చక్రాలు ఆగాయి. తర్వాత ఎవడో అన్నాడు: "పోయి సూద్దామారా?" ఇంకొకడన్నాడు: "దీపం లేదు. ఊర్లకు పోయిండేమో లే." చక్రాలు కదిలాయి. చప్పుడు దూరమయ్యేదాకా మాసయ్య విన్నాడు.

జ్వరం దానంతట అదే తగ్గింది. గోడ పట్టుకొని బావి దాకా వెళ్ళి నీళ్ళు తాగాడు. తర్వాత ప్రభుదాసు వచ్చినప్పుడు, ఆయన అడగకముందే చెప్పాడు.

"పెడ్తనని చెప్పుండ్రి."

పంతులు అతని ముఖం చూశాడు. "నౌకరి?"

"దినాము దులుపుత. ఎన్ని అల్లితే అన్ని దులుపుత. దీపం మాత్రం పెడ్తనని చెప్పుండ్రి. రమ్మనుండ్రి."

ఆ సాయంత్రమే కందిలి తుడిచి వరండాలో తగిలించాడు. చాలా ఏళ్ళకు వెలిగిన ఆ వెలుతుర్లో గదిలోకి వెళ్ళి చూస్తే, తన సామాను తనకే కొత్తగా కనిపించింది.

మిరుగు కార్తె పడ్డాక, మొదటి వాన కురిసిన మర్నాడు ఈరమ్మ వచ్చింది. తమ్ముడు ఇస్రాయేలు తనకు భూమి కౌలుకిచ్చిన రైతు బండి మీద వేరుశనగ మూటలు వనపర్తికి చేర్చి, అక్కను తీసుకొని ఇటు వచ్చాడు. పొద్దుగూకింది. బండి మలుపు తిరగగానే ఆమె దీపం చూసి ఉంటుంది. దగ్గరికి వచ్చేదాకా ఆ వెలుతురు మీదినుంచి చూపు తిప్పలేదని ఇస్రాయేలు తర్వాత చెప్పాడు.

"బావా, మీ చీకటి ఏడబెట్టినవే?" అన్నాడు ఇస్రాయేలు ఎద్దులను విప్పుతూ. "మా అక్క దారిపొడుగున బెదిరిచ్చింది, గోడకు గుద్దుకుంటవు జాగ్రత్త అని."

"నువ్వు దీపమున్నా గుద్దుకుంటవు," అంది ఈరమ్మ.

ఆమె చిక్కిపోయింది. జుట్టు పక్కన తెల్లబడింది. కందిలి కింద నిలబడి మాసయ్యను చూసింది.

"మీసం నెరిసింది నీకు."

"కనపడ్తుందా?"

"దీపముంది గద."

పురిటి రోజులు తప్పిస్తే ఒకరినొకరు రాత్రిపూట ఎన్నడూ చూసుకోలేదన్న సంగతి అతనికి అప్పుడే తట్టింది. ఆమె లోపలికి వెళ్ళి పొయ్యి ముట్టించింది. తెచ్చుకున్న బట్టల మూటను మాత్రం విప్పలేదు. గడప పక్కన గోడకు ఆనించి పెట్టింది. మాసయ్య ఆ మూటనే చూస్తూ తిన్నాడు.

మర్నాడు పొద్దున బంట్రోతు వచ్చాడు. హైదరాబాదు నుంచి పెద్ద సాబు, ఆయన కుటుంబం, వెంట ఓవర్సీరు. సాయంత్రానికి మకాం.

ఇస్రాయేలు ఆకాశం వైపు చూశాడు. "ఎద్దులు అలసినయి. ఇయ్యాల ఒక్క దినం ఆగుత బావా. రేపు పొద్దున మాత్రం బండి కట్టాలె. ఎగువ వానలు పడ్తున్నయి. కృష్ణల ఏరు వచ్చిందంటే పుట్టి పడవల బండి ఎక్కదు, రైతు నా తోలు తీస్తడు."

మాసయ్య నిచ్చెన వేశాడు. ఈరమ్మ వచ్చి దాన్ని పట్టుకుంది. పగలంతా అతను దులుపుతుంటే ఆమె కింద నిలబడి మూలలు చూపించింది. "ఆడ ఒకటి. నీ ఎడమ దిక్కు. ఆఁ, గదే." బూజు ఆమె తల మీద రాలింది. ఒకసారి ఆమె తుమ్మింది, అతను నిచ్చెన మీద నవ్వాడు. ఆ రోజు గడిచినంత తొందరగా అతనికి ఏ రోజూ గడవలేదు.

పొద్దు గుట్ట వెనక్కి దిగింది. గాలిలో తడి. ఉసిళ్ళు లేచే సాయంత్రం అది. కందిలి పెడితే వరండా నిండా అవే ఉంటాయి. మాసయ్య కందిలి చేతిలో పట్టుకొని నిలబడ్డాడు. ఈరమ్మ గడప మీద కూర్చొని అతన్ని చూస్తోంది. పెట్టమని అనలేదు. వద్దని కూడా అనలేదు.

అతను పుల్ల గీసి కందిలి వెలిగించి కొక్కానికి తగిలించాడు.

ఈరమ్మ లేచి లోపలికి వెళ్ళింది. కొంచెంసేపటికి మాసయ్య తొంగి చూస్తే, ఆమె మూట విప్పి చీరలు దండెం మీద వేస్తోంది.

పెద్ద సాబు బండ్లు వచ్చేసరికి మసక పడింది. ముందుగా దిగింది సామాను కాదు, పెట్రోమాక్సు దీపాలు. వంటమనిషి వాటికి గాలి కొట్టి వరండాలో రెండు, గదుల్లో ఒక్కొక్కటి, వాకిట్లో గుంజకు ఒకటి తగిలించాడు. బంగ్లా తెల్లగా మండింది. మాసయ్య కందిలి ఎక్కడుందో కూడా కనిపించలేదు. గుట్ట దిక్కు నుంచి, చెలకల్లోంచి ఉసిళ్ళు గుంపులు గుంపులుగా వచ్చి పడ్డాయి. వాటి వెంట, మాసయ్య ఎప్పుడూ చూడనన్ని సాలెపురుగులు దూలాల సందుల్లోంచి బయటికి వచ్చాయి.

మాసయ్య బిళ్ళ వేసుకొని వరండా చివర నిలబడ్డాడు. వాకిట్లో బల్ల వేశారు. పెద్ద సాబు, భార్య, పిల్లలు కూర్చున్నారు. ఓవర్సీరు పక్కన నిలబడి ఏదో చెప్తున్నాడు. ఈరమ్మ గది కిటికీలోంచి చూస్తోంది.

గుంజకు కట్టిన దీపం మీదినుంచి పొడుగుకాళ్ళ సాలెపురుగు ఒకటి దారం మీద దిగి పెద్ద సాబు చేతి మీద వాలింది.

మాసయ్య చేయి దానంతట అదే భుజం మీది బిళ్ళను పట్టుకుంది.

పెద్ద సాబు మాట ఆపలేదు. వేలితో ఆ పురుగును తట్టి విదిలించాడు. రొట్టె తుంచుకున్నాడు. ఓవర్సీరు నవ్వుతున్నాడు. సాబు ఏదో హాస్యమాడాడు కాబోలు. ఎవరూ తల ఎత్తి చూడలేదు. వరండా దూలాల మీద ఏముందో, గదుల మూలల్లో ఏముందో ఎవరికీ పట్టలేదు. తిన్నారు, నవ్వారు, వెళ్ళి పడుకున్నారు.

మాసయ్య గదిలోకి వచ్చాడు. ఈరమ్మ కిటికీ దగ్గరే ఉంది.

"గంతేనా?" అంది.

అతను భుజం మీది పట్టీ సర్దుకున్నాడు. "ఈయన మంచోడు. అందరు గిట్ల ఉండరు."

"గట్ల దులుపుకొని తిన్నడు."

"అవును."

ఆమె గోడ వైపు తిరిగి పడుకుంది. బయట పెట్రోమాక్సుల వెలుతురు లోపలికి పడుతోంది. అంత వెలుతుర్లో కూడా ఆమె ముఖం అతనికి కనిపించలేదు.

పొద్దున్నే సాబు బండ్లు కదిలాయి. ఓవర్సీరు వెళ్తూ వెళ్తూ, "ఖానా బాగుండె, నిద్ర బాగొచ్చింది," అన్నాడు. కప్పు మాట ఎత్తలేదు. వాళ్ళు వెళ్ళాక మాసయ్య వెనక్కి వస్తే, దండెం మీద చీరలు లేవు. మూట మళ్ళీ కట్టి ఉంది. ఇస్రాయేలు ఎద్దులను కాడికి కడుతున్నాడు.

"దీపం పెట్టిన గదనే," అన్నాడు మాసయ్య.

"పెట్టినవు. చూసిన." ఈరమ్మ గొంతులో కోపం లేదు. "ఉందామనే వచ్చిన. నా చీరలు ఆరేసిన గూడ. కాని ఈ గోడలు చూస్తే నాకు ఇగ ఉండబుద్ధి కాదు. ఆయన గట్ల దులుపుకున్నంక బ్యాడ, నాకు బ్యాడ ఈ ఇల్లు." ఆమె మూట ఎత్తుకుంది. "నువ్వే రా. తమ్ముడు చెరువుకింద కౌలు చేస్తుండు. నువ్వొస్తే ఇద్దరి పని అయితది. ఆడ మనకు ఏ బిళ్ళా అక్కరలేదు."

మాసయ్య భుజం మీది పట్టీని చూసుకున్నాడు. తీశాడు. తీయడం తాననుకున్నంత కష్టంగా లేదు. కొక్కానికి తగిలించాడు. తగిలించేటప్పుడు తల ఎత్తాడు.

దూలం నుంచి దూలానికి గూళ్ళు. మూలమూలనా తెరలు వేలాడుతున్నాయి. రాలిన ఉసిళ్ళ రెక్కలు వాటిలో చిక్కుకొని ఎండకు మెరుస్తున్నాయి. ఇన్నేళ్ళలో ఆ బంగ్లా ఇలా ఎన్నడూ లేదు.

"వస్త," అన్నాడు. "పా, వస్త. గిది దులిపి వస్త."

"దులుపుడెందుకు ఇగ?"

"గిట్ల ఇడిసిపెట్టి ఎట్లొస్తనే? జరసేపు. నువ్వు బండి ఎక్కు. నేనొచ్చి ఎక్కుత."

బొంగు తీసుకున్నాడు. ఈరమ్మ గుమ్మంలో నిలబడి చూసింది. అతను మొదటి గది చేశాడు. వచ్చినట్టే కనిపించాడు, మళ్ళీ రెండో గదిలోకి పోయాడు. బయట ఇస్రాయేలు కేక వేశాడు. "బావా! ఏరు ఆగదే!"

"అయిపోయింది బామ్మర్దీ! ఇగో, గీ మూల ఒక్కటి!"

ఈరమ్మ దగ్గరికి వచ్చింది. అతని తల మీద పడ్డ బూజును వేళ్ళతో తీసింది, కొంత మీసం మీదినుంచి కూడా తీసింది. అతను నిలబడి తీయనిచ్చాడు. కళ్ళు మాత్రం కప్పు మీదే ఉన్నాయి. ఆమె చేతులు దులుపుకొని బయటికి వెళ్ళింది.

బండి కదిలిన చప్పుడు అతను విన్నాడు. ఎద్దులు నెమ్మదిగా పోతాయి, పరుగెత్తి అందుకోవచ్చు అనుకున్నాడు. వరండా మిగిలింది. వరండా అయ్యాక తెల్లటి గుడ్లపొరలు కనిపించాయి. వాటిని వదిలేస్తే పని సగమే. కత్తి తెచ్చాడు.

దిగేసరికి పొద్దు నడినెత్తికి వచ్చింది. బంగ్లా అంతా శుభ్రంగా ఉంది. తాళాలు వేసి, గుత్తి నడుముకు చెక్కుకొని బాట పట్టాడు. తడిమట్టిలో చక్రాల జాడ స్పష్టంగా ఉంది. దాని వెంటే నడిచాడు, కొంత దూరం పరుగెత్తాడు కూడా. వాగు దగ్గర జాడ నీళ్ళలోకి దిగింది. నీళ్ళు ఎర్రగా, నడుము లోతున పారుతున్నాయి. అవతలి ఒడ్డున జాడ మళ్ళీ పైకెక్కింది. బాట మీద ఎవరూ లేరు.

నడుము తడుముకుంటే తాళాలు తగిలాయి. అవి ఎవరికైనా అప్పగించాలి. అప్పగించడానికి ఎవరూ లేరు. వాగు ఒడ్డున కొంచెంసేపు కూర్చొని, మాసయ్య బంగ్లాకు తిరిగి వచ్చాడు.

ఆ వానకాలం వెళ్ళాక ప్రభుదాసు పంతులు ఎప్పటిలాగే బావి దగ్గర కాళ్ళు కడుక్కొని మెట్టు మీద కూర్చున్నాడు. ఆయన ఈసారి గద్వాల వైపు వెళ్ళలేదు, ఏమీ వినలేదు.

"ఈరమ్మ రాలేదా మాసయ్యా? నేను నీ మాట చెప్పిన, వస్తనన్నది."

"వచ్చింది పంతులయ్యా," అన్నాడు మాసయ్య. "నేనే పనిల ఉంటి."